నానబెట్టిన కరక్కాయలు

3 నవంబరు 1956, శనివారం

కర్నూలు నుంచి శ్రీరాములు పంపిన పార్సిలు వచ్చింది. పోస్టుమాను దుకాణానికే తెచ్చి ఇచ్చాడు, నా అదృష్టం. ఇంటికి తీసుకుపోయి ఉంటే తులసమ్మ చేతిలో పడేది. అంతటితో నా పని అయిపోయేది.

శ్రీరాములు నేనూ ఒకే బడిలో చదివాం. వాడిప్పుడు సచివాలయంలో గుమాస్తా. మొన్న ఒకటో తేదీన రాజధాని హైదరాబాదుకు మారింది గదా, వాడి పెద్దాఫీసరు బంగళా ఖాళీ చేశాడట. ఆయన భార్య ఊటీ నుంచి తెప్పించుకున్న పూల దుంపలను వెంట తీసుకుపోలేక తలా కొన్ని పంచిపెట్టిందట. "నీకు పూల పిచ్చి ఉంది గదా, ముప్పై పంపుతున్నాను, ఇక నీ ఇష్టం" అని రాశాడు. అనిమోనీ అంటారట. ఎరుపు, ఊదా, తెలుపు రంగులు, నడుమ నల్లటి గుండ్రం. మార్కాపురంలో ఇంతవరకూ ఎవడూ చూసి ఉండడు.

చేతిలోకి తీసుకుంటే మాత్రం పూల దుంపల్లా లేవు. నల్లగా, ముడుతలు పడి, రాయిలా గట్టిగా, అచ్చం పిందె కరక్కాయలు.

శ్రీరాములు ఉత్తరం చించేయాలి కాబట్టి పద్ధతి ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో నానబెట్టాలి. ఉబ్బుతాయి. మొన తేలిన వైపు కిందికి పెట్టి రెండంగుళాల లోతున నాటాలి. మధ్యాహ్నం ఎండ తగలకూడదు. నీళ్ళు నిలవకూడదు. పచ్చి దుంపా, ఆకూ విషం. రసం అంటితే చేతులు కడుక్కోవాలి, పశువుల నోట పడనివ్వకూడదు.

చించేశాను.

చించక ఏం చేయను? ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావిలో చేద అడుగు తగులుతోంది. ఇంట్లో మహాలక్ష్మి పురుడు. నా ఒక్కగానొక్క కూతురు, కనిగిరిలో ఇచ్చాం, మొదటి రెండు కాన్పులూ దక్కలేదు. ఈ మూడోవాడు మగపిల్లవాడు, ఈరోజుకు పదకొండో రోజు. పోయిన నెలలో గులాబీలకు నీళ్ళు పోస్తుంటే తులసమ్మ కడవ లాక్కుని, పిల్ల పురిటి ముచ్చట తీరేదాకా కొత్త మొక్క తేనని చెన్నకేశవస్వామి మీద ఒట్టు పెట్టించింది. పెట్టాను. యాభై రెండేళ్ళ మగవాణ్ణి, పలకల వ్యాపారం చేసి ఊళ్ళో పెద్దమనిషిననిపించుకున్నవాణ్ణి, పెళ్ళాం ముందు చేయి చాపి ఒట్టు పెట్టాను.

ఇవి మొక్కలు కావు గదా. దుంపలు.

4 నవంబరు, ఆదివారం

పెరట్లో పశువుల కొట్టం వెనక చోటు బాగుంది. మధ్యాహ్నం నీడ. క్వారీ నుంచి తెచ్చి పారేసిన పలకరాతి ముక్కలు అక్కడే కుప్పగా ఉన్నాయి. మడి చుట్టూ పాతితే మన్ను జారదు. పిల్లవాడి స్నానం నీళ్ళు ఆ కాలవలోనే పోతాయి, వాటినే మళ్ళిస్తే చాలు. బావి ముట్టుకోనక్కర లేదు. ఒట్టు తప్పినట్టు కూడా కాదు.

మట్టిమూకుడులో నీళ్ళు పోసి ముప్పై దుంపలూ వేసి కొట్టం గోడ మీద పెట్టాను.

5 నవంబరు, సోమవారం

తులసమ్మ చూసింది.

పొద్దున పేడ తీయడానికి తనే వచ్చింది. పనిమనిషి రాలేదట. నేను గోడ అవతల మడి తవ్వుతూ ఉన్నాను. తిరిగి చూసేసరికి మూకుడులో చెయ్యి పెట్టి ఉంది.

"ఏందయ్యా ఇవి?"

నోటికి ఏది వస్తే అది అన్నాను. "కరక్కాయలు. శ్రీరాములు పంపినాడు. కడుపుబ్బరానికి నానబెట్టుకోని తినమన్నాడు."

"అబ్బ, ఎంత బాగున్నాయి! మన అంగళ్ళలో ఇట్లాంటివి యాడ దొరుకుతాయి?" ఒకటి తీసి గోటితో గిల్లింది. "మెత్తగా అరుగుతాయి. పిల్లోనికి పనికొస్తాయి." గుప్పెడు తీసి కొంగులో వేసుకుంది.

"అవి నాకు..."

"మనవని కంటే మీ కడుపు ఎక్కువైందా? చాల్లే సంబడం."

వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ చేతులు కూడా కడుక్కోలేదు.

మన ఇళ్ళలో పసివాడికి నీళ్ళు పోశాక సానరాతి మీద కరక్కాయ, వస, సొంఠి అరగదీసి, తల్లిపాలలో కలిపి నాలుకకు రాస్తారు. మా అమ్మ నాకు రాసింది, తులసమ్మ మహాలక్ష్మికి రాసింది. కానీ వెంటనే వాడదు. పాత కరక్కాయలు ఉన్నాయి. వీటిని డబ్బాలో పడేస్తుంది. సందు చూసి నేను తీసేస్తాను.

లెక్క చూస్తే మూకుడులో పంతొమ్మిది ఉన్నాయి. పదకొండు తీసుకుపోయింది. పంతొమ్మిదీ నాటాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

8 నవంబరు, గురువారం

మందుల డబ్బా పురిటిగదిలో ఉంది. ఇరవై ఒకటో రోజు దాకా మగవాళ్ళం గడప దాటకూడదు.

అన్నం వడ్డిస్తుంటే ఊరికే అడిగినట్టు అడిగాను. "పాత కరక్కాయలు ఉన్నాయా ఇంట్లో?"

"ఉన్నాయి రెండు. ఏం, మళ్ళీ ఉబ్బరమా?"

ప్రాణం కుదుటపడింది. రెండున్నాయంటే చాలా రోజులు వస్తాయి.

మహాలక్ష్మికి పాలు చాలడం లేదు. సుబ్బులు మేకపాలు తెచ్చి పోస్తోంది. కంభం రోడ్డులో రెండు మైళ్ళ అవతల గొల్లల గుడిసెలున్నాయి, అక్కడి నుంచి నడిచి వస్తుంది. పదేళ్ళ నుంచి మన వీధి అంతటికీ ఆమే. నన్ను అన్నా అంటుంది, తులసమ్మను వదినమ్మా అంటుంది. చెంబు కొలిచి పోశాక ఇంకో గుక్కెడు ఎక్కువ పోసేది ఊళ్ళో ఆమె ఒక్కతే. "మా కోడలికి గూడా నెలలు నిండినాయన్నా, రేపో మాపో" అని ముసిముసిగా నవ్వింది.

10 నవంబరు

మడి మీద తడిక కట్టాను. స్నానం నీళ్ళు చక్కగా వస్తున్నాయి. మొలక లేదు.

12 నవంబరు, సోమవారం

పిల్లవాడికి విరేచనాలు. పసివాళ్ళన్నాక మామూలే.

సుబ్బులు కోడలు ఆడపిల్లను కన్నదట. తులసమ్మ పాత చీర ఒకటి ఇచ్చి పంపింది.

14 నవంబరు, బుధవారం

పిల్లవాడి నోరు పొక్కింది. నాలుకంతా ఎర్రగా, పెదవుల లోపల నీటి బుడగలు. రొమ్ము నోట పెడితే కెవ్వుమంటున్నాడు. నిన్నటితో ఇరవై ఒక్క రోజులు తీరాయి కాబట్టి ఎత్తుకుని చూపించారు. కళ్ళు లోతుకు పోయాయి. పుట్టినప్పుడు గడప అవతల నుంచి చూసిన పిల్లవాడిలో సగం కూడా లేడు.

తులసమ్మ సుబ్బులును గడప దగ్గరే ఆపేసింది.

"ఏం మేపినావే నీ మేకకు? జిల్లేడు మేపినావా?"

"అయ్యో వదినమ్మా, మేక జిల్లేడు ముడుతుందా? నా బిడ్డల మీద ఒట్టు."

"నీ పాలు తాగినప్పటి నుంచే పిల్లోనికి ఇట్లయింది. ఇంక రావద్దు పో."

సుబ్బులు నావైపు చూసింది. నేను అరుగు మీద కూర్చుని పత్రిక చదువుతున్నాను.

నిజంగానే మేకపాలు కావచ్చు. మేకలు ఏది పడితే అది తింటాయి. ఆ మాటలో తప్పేముంది?

15 నవంబరు

అడిగేశాను. "సానరాతి మీద ఏం అరగదీస్తున్నావు?"

"ఏముంది, కరక్కాయ. పాతవి రెండూ పుచ్చిపోయినాయి, పారేసినా. ఐదారు రోజులాయె, మీరు తెచ్చినవే అరగదీస్తున్నా. వెన్న లాగ అరుగుతున్నాయి. అవి గూడా లేకుంటే వీడు ఈపాటికి ఏమయ్యేవాడో."

చెప్పాలని నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. అంతలో లోపలి నుంచి మహాలక్ష్మి "నాయనా, వీడు గూడా పోతాడా?" అని ఏడ్చింది. ఆ పిల్ల ముఖం చూశాక "నేనే చేశానమ్మా" అని ఏ నోటితో అనను? రెండు పోగొట్టుకున్న తల్లి. నన్ను జన్మలో నాయనా అని పిలుస్తుందా?

చెబితే పిల్లవాడికి నయం కాదు. అరగదీయడం ఆపితే నయం అవుతుంది. ఆ పని చెప్పకుండా కూడా చేయవచ్చు.

16 నవంబరు, శుక్రవారం

పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించడానికి ఒంటెద్దు బండి కట్టించి ఆడవాళ్ళిద్దరినీ పంపాను. నేను రాకపోతే తులసమ్మ ఏమనుకుంటుందోనని భయపడ్డాను. ఏమీ అనుకోలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరగగానే వీరాంజనేయులు అంగడికి పోయి అసలైన పిందె కరక్కాయలు తెచ్చాను. కాసేపు నానబెట్టి, పురిటిగదిలోకి పోయి డబ్బా తెరిచాను. నా దుంపలు మూడే ఉన్నాయి. తీసి పొయ్యిలో వేశాను. సానరాయి బాగా తోమాను. ఎంత తోమినా వాసన పోలేదనిపించి బూడిద పెట్టి మళ్ళీ తోమాను.

పదకొండులో మూడు పోతే ఎనిమిది. ఆరు రోజులకు ఎనిమిది అరుగుతాయా? మెత్తగా ఉన్నాయి గదా, తొందరగా అరుగుతాయి. తనే అంది, వెన్న లాగ అని.

సరిపోయింది.

డాక్టరు ఏదో తెల్లమందు ఇచ్చి, మరిగించిన నీళ్ళు చెంచాతో పట్టమన్నాడట.

18 నవంబరు

నోట్లో పొక్కులు మానుతున్నాయి.

20 నవంబరు, మంగళవారం

పాలు తాగాడు! రెండు పూటలా తాగాడు. మహాలక్ష్మి నవ్వింది. నేను పెరట్లోకి పోయి కొట్టం చాటున నిలబడి ఏడ్చాను. ఎద్దు తప్ప ఎవరూ చూడలేదు. నా తండ్రే, నా బంగారమే, బతికావురా.

తులసమ్మ వీధిలో అందరికీ చెబుతోంది. "మేకపాలు మాన్పించినాం, వారం తిరిగేసరికి తేరుకున్నాడు. చూసినారా?" నన్ను కూడా అడిగింది. "ఏమయ్యా, చెప్పరేం?"

"అవును" అన్నాను.

దీనితో ఈ సంగతి అయిపోయింది. ఇక దీని గురించి రాయను.

24 నవంబరు

మొలకలు! పంతొమ్మిదిలో ఏడు. ఆకు కొత్తిమీర లాగా చీలికలు చీలికలుగా ఉంది. ఎవరైనా గిల్లి కూరలో వేస్తారేమోనని చుట్టూ కంప కట్టాను.

27 నవంబరు, మంగళవారం

సుబ్బులు దుకాణానికి వచ్చింది. మెట్టు కింద నిలబడింది. దుకాణంలో నాతో ఉండే మా తమ్ముడు లోపల పలకలు కట్టలు కట్టిస్తున్నాడు, విని ఉంటాడు.

"అన్నా, వదినమ్మకు ఒక్క మాట చెప్పన్నా. మీ వీధంతా నా పాలు మాన్పించినారు. పైవీధోళ్ళు గూడా మానుకున్నారు. ఇంట్లో మా గురుస్వామి కేకలేస్తున్నాడు, నువ్వే ఏదో చేసినావని. నా కడుపున పుట్టినోడే నన్ను అట్లంటే నేను యాడ చెప్పుకోవాల?"

"చూస్తాలే సుబ్బులూ" అన్నాను.

"నువ్వు చెప్తే వింటాది. నువ్వు పెద్దమనిషివి."

వెళ్ళేటప్పుడు మనవడు ఎట్ల ఉన్నాడని అడిగింది. బాగున్నాడని చెప్పాను. "చాల్లే అన్నా, బిడ్డ బాగుంటే చాలు" అంది. మనసులో మాటే అంది, దెప్పడానికి కాదు. ఆమెను చూస్తే నాకు చిరాకు వచ్చింది. ఎందుకో తెలియదు.

2 డిసెంబరు, ఆదివారం

మడి బయటపడింది. తులసమ్మ పిల్లవాడిని ఎత్తుకుని ఎండ కాగడానికి పెరట్లోకి వచ్చి కంప దాటి చూసింది. నేను అక్కడే ఉన్నాను.

నవ్వింది! "ఓరి నాయనో, ఒట్టు పెట్టి గూడా దొంగతనంగా ఏసినారా? పూలమొక్కలేనా?"

"విత్తనాలు... శ్రీరాములు పంపినాడు."

"పూలమొక్కలైతే పూలమొక్కలని చెప్పొచ్చు గదా. నేనేమన్నా కొరుక్కు తింటానా మిమ్మల్ని?"

నెల రోజుల కింద ఈ మాట అని ఉంటే! అనేదేమో. నేను అడిగింది ఎప్పుడు?

పిల్లవాడు బతికాడు కాబట్టి ఇప్పుడు ఆమెకు ఎవరి మీదా కోపం లేదు. అరుగు మీద కూర్చుని వాడి అరికాళ్ళు నిమురుతూ సుబ్బులు గురించి కూడా మెత్తబడింది. "పాపం, నోరు జారి అంత మాట అనకుండా ఉండాల్సింది. కోడలు ప్రసవించిందని చెప్పిన రోజు మంచిగానే ఉన్నాం. చీరతో పాటు మీ కరక్కాయలు గూడా ఐదిచ్చి పంపినా. పురుడు తీరినాక అరగదియ్యమని చెప్పినా."

ఐదు.

పన్నెండో తేదీన చీర ఇచ్చింది. పదకొండో రోజుకు పురుడు తీరితే ఇరవై రెండు. ఈరోజు రెండు. పది రోజులు.

మన పిల్లవాడు ఆరు రోజులకే ఆ గతికి వచ్చాడు.

కానీ అప్పుడు పచ్చిగా ఉన్నాయి, ఇప్పటికి ఎండిపోయి ఉంటాయి. గొల్లలు కరక్కాయ అరగదీస్తారో లేదో. వాళ్ళ ఆచారం వేరు. రేపు పోయి, మంచివి ఐదు చేతిలో పెట్టి, అవి తీసుకుని వచ్చేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు.

3 డిసెంబరు

తమ్ముడు సరుకు తోలడానికి దొనకొండ పోయాడు. దుకాణం వదలడానికి కుదరలేదు.

4 డిసెంబరు, మంగళవారం

జల్లు పడింది. ఇన్నాళ్ళకు పడింది. కంభం రోడ్డు బురద. మడికి మాత్రం మంచిది.

5 డిసెంబరు

పోలేదు.

6 డిసెంబరు, గురువారం

పోయాను.

వీరాంజనేయులు దగ్గర ఐదు కరక్కాయలు కొని జేబులో వేసుకుని, పొద్దున్నే బయలుదేరాను. మనవరాలిని చూసిపోదామని వచ్చానని చెప్పాలనుకున్నాను. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ నడిచాను.

గుడిసెల ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. వేపచెట్టు కింద వాళ్ళ కులపెద్ద పెద్దయ్య, ఆయన చుట్టూ ఏడెనిమిది మంది మగవాళ్ళు. సుబ్బులు కొడుకు గురుస్వామి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు. సుబ్బులు గొర్రెలదొడ్డి కంప పక్కన ఒక్కతే మట్టిలో కూర్చుని ఉంది. గుడిసెలో కోడలు ఏడుస్తోంది. గట్టిగా కాదు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది.

అడగనక్కర లేకపోయింది. అయినా అడిగాను.

"మొన్న మంగళవారం పొద్దున పోయింది శెట్టీ" అన్నాడు పెద్దయ్య. "నోరంతా పుండై పాలు దిగల్యా. నాలుగు దినాలు కొట్టుకునింది."

మంగళవారం. జల్లు పడిన రోజు.

నాకు కుక్కిమంచం వేశారు. కూర్చున్నాను.

గురుస్వామి తల ఎత్తాడు. "తల్లికి పాలు లేవంటే ఈమే ఆ మేకపాలు పట్టింది. ఊళ్ళో శెట్టిగారి పిల్లోనికి అట్లయిందని తెలిసి గూడా పట్టింది. నా బిడ్డను సంపింది."

"నేను తాగి సూసే పట్టినా నాయనా" అంది సుబ్బులు దొడ్డి దగ్గర నుంచి. "వదినమ్మ ఇచ్చిన మందు గూడా దినం తప్పకుండా రాసినా. ఏ లోటూ సెయ్యల్యా."

ఎవరూ ఆమె మాట వినలేదు. ఆ మందు మాట కూడా ఎవరూ పట్టించుకోలేదు. నేను తప్ప.

పెద్దయ్య నావైపు తిరిగాడు. "శెట్టీ, నువ్వు మంచిటైముకు వచ్చినావు. ఈ మనిషిని ఇంట్లో ఉంచుకోనంటాన్నాడు గురుస్వామి. మేకను నిన్ననే కొట్టి పూడ్సినారు. తల్లిని ఎల్లగొట్టేది మంచిది గాదని నేనంటాండా. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు. ఒక్క మాట చెప్పు. మీ ఇంట్లో గూడా ఈమె పాలతోనే పిల్లోనికి నోరు పొక్కిందంట, నిజమేనా?"

అందరూ నావైపే చూశారు. గుడిసెలో ఏడుపు కూడా ఆగింది. జేబులో చెయ్యి పెడితే కరక్కాయలు తగిలాయి. ఇప్పుడు చెబితే ఈ మగవాళ్ళంతా లేస్తారు. లేవకపోయినా, సాయంత్రానికి ఊళ్ళో తెలుస్తుంది. తులసమ్మకు తెలుస్తుంది, తన చేత్తోనే రెండిళ్ళలో విషం పెట్టిందని. మహాలక్ష్మికి తెలుస్తుంది. కనిగిరి వియ్యంకులకు తెలుస్తుంది. పోయిన బిడ్డ ఎట్లాగూ తిరిగి రాదు. సుబ్బులుకు కురిచేడులో చెల్లెలు ఉంది, నాలుగు నెలలు అక్కడుంటే వీళ్ళ కోపం అదే చల్లారుతుంది.

ఇవన్నీ ఆ కాస్త సేపట్లోనే అనుకున్నానా, ఇంటికి నడిచి వచ్చాక అనుకున్నానా, ఇప్పుడు సరిగా తెలియడం లేదు.

"నిజమే" అన్నాను.

గురుస్వామి లేచి గుడిసెలోకి పోయి ఒక మూట తెచ్చి దారి మీద పడేశాడు. పెద్దయ్య తల వంచుకున్నాడు. సుబ్బులు లేచింది. మూట దగ్గరికి పోలేదు, నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"పదేండ్లు ఆ పాలే పోసినానన్నా మీ అందరికీ" అంది. "నాకు నమ్మకం కలగలేదు ఇన్నాళ్ళు. మా గురుస్వామి అన్నా నమ్మలేదు. నువ్వు గూడా అంటాన్నావంటే నిజమే అయ్యుంటాది. నా చేత్తో నేనే పట్టినాను."

చెప్పులు వేసుకుని రోడ్డు ఎక్కాను.